మూడుసార్లు అలైన్‌మెంట్ చేయించినా టైరు లోపలి అంచు ఎందుకు తింటోంది? రేసు బండి సెట్టింగ్ రోడ్డు బండికి పనికొస్తుందా?

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. ఒకటి, అనంతపురంలో తిరిగే మీ స్విఫ్ట్ ముందు టైర్లు 12,000 కిలోమీటర్లకే లోపలి అంచున నున్నగా అయిపోయాయి. మూడు షాపుల్లో అలైన్‌మెంట్ చేయించారు, మూడు ప్రింట్లలోనూ అంకెలన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి, అయినా బండి ఎడమకు లాగుతూనే ఉంది. రెండు, మీ తమ్ముడు, అతని కాలేజీ స్నేహితులు ఇంకో పాత స్విఫ్ట్‌ను కోయంబత్తూరు కారి ట్రాక్ మీద తిప్పడానికి తయారు చేస్తున్నారు. ముందు చక్రాలకు మైనస్ 3 డిగ్రీల క్యాంబర్ (చక్రం నిలువు నుంచి పక్కకు వంగే కోణం, మైనస్ అంటే పై అంచు లోపలికి) పెడదామంటున్నారు, అదే మీ బండికీ పెడితే గ్రిప్ పెరుగుతుందా అని అడిగారు.

రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తాను. మీ బండికి పెట్టొద్దు. ట్రాక్ బండికి కూడా ఆ అంకెను చూసి పెట్టొద్దు, టైరు వేడి చూసి పెట్టాలి. ఇక వివరాలు.

రోడ్డు బండి చక్రం దాదాపు బతుకంతా తిన్నగానే దొర్లుతుంది. అందుకని తిన్నగా పోయేటప్పుడు టైరు వెడల్పంతా సమానంగా నేలకు ఆనాలి, నాలుగు చక్రాలూ ఒకే దిక్కు చూడాలి. రేసు బండికి అసలు పరీక్ష వంపులో. అక్కడ బాడీ పక్కకు ఒరిగినప్పుడు బయటి టైరు పూర్తిగా నేలకు ఆనాలి, తిన్నటి దారిలో లోపలి అంచు మీద నడిచినా ఫరవాలేదు. కడప నుంచి రాయచోటి వెళ్లే గువ్వలచెరువు ఘాట్‌నే తీసుకోండి. 30 మీటర్ల వ్యాసార్ధమున్న మలుపును గంటకు 30 కిలోమీటర్ల వేగంతో తీసుకుంటే బండి మీద పడే పక్కబలం సుమారు 0.24 జీ, అంటే బండి బరువులో దాదాపు పావు వంతు. స్లిక్ (గాడులు లేని) టైర్ల రేసు బండి మలుపులో 1 జీ దాటిపోతుంది. నాలుగు రెట్లకు పైగా తేడా. ఘాట్ రోడ్డులో కూడా మీ బండి రేసు బండిలా ఒరగదు, కాబట్టి ఒరుగుడు కోసం ముందే వంచి పెట్టిన చక్రం మీకు ఏ మేలూ చెయ్యదు. ఊరికే లోపలి అంచు మీద నడుస్తుంది, బ్రేకు కొట్టినప్పుడు నేలను పట్టుకునే రబ్బరు తగ్గుతుంది.

ఇప్పుడు మీ టైర్ల సంగతి. లోపలి అంచు అరిగితే అందరూ వెంటనే క్యాంబర్ అంటారు. చిన్న కార్లలో చాలావరకు అసలు దొంగ టో. పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు ఒకదానివైపు ఒకటి తిరిగి ఉంటే టో ఇన్, బయటికి తిరిగి ఉంటే టో అవుట్. క్యాంబర్ ఒక డిగ్రీ అటూ ఇటూ ఉన్నా టైరు నెమ్మదిగానే అరుగుతుంది. టో తప్పితే టైరు ప్రతి అడుగులోనూ పక్కకు ఈడ్చుకుపోతుంది. లెక్క చూడండి. 15 అంగుళాల రిమ్ము అంచున కొలిస్తే 1 మిల్లీమీటరు టో అంటే 9 నిమిషాలు (60 నిమిషాలు ఒక డిగ్రీ). మొత్తం టో 3 మిల్లీమీటర్లు తప్పిందనుకుందాం, అంటే 27 నిమిషాలు, ఒక్కో చక్రానికి 13.5. ఆ కోణంలో చక్రం కిలోమీటరుకు దాదాపు 4 మీటర్లు పక్కకు ఈడ్చుకుంటుంది. 10,000 కిలోమీటర్లకు అది 39 కిలోమీటర్లు. అనంతపురం నుంచి దాదాపు ధర్మవరం దాకా టైరును అడ్డంగా ఈడ్చుకెళ్లినట్టు. ఇంకేం మిగులుతుంది?

టోనా క్యాంబరా అన్నది మెషిన్ లేకుండానే మీ అరచేతితో తేల్చుకోవచ్చు. బండి ఆపి, టైరు చల్లారాక, ట్రెడ్డు మీద అడ్డంగా చెయ్యి పెట్టి ముందు బయటి వైపు నుంచి లోపలికి, తర్వాత లోపలి నుంచి బయటికి నిమరండి. లోపలికి నిమిరితే నున్నగా, బయటికి నిమిరితే రంపపు పళ్లలా గరుకుగా తగిలితే టో ఇన్ ఎక్కువైంది. దానికి తిరగబడి ఉంటే, అంటే బయటికి నున్నగా, లోపలికి గరుకుగా ఉంటే టో అవుట్. ఏ వైపు నిమిరినా గరుకు లేకుండా ఒక అంచు ఏటవాలుగా నున్నగా అరిగి ఉంటే అది క్యాంబర్. రెండు ముందు టైర్లూ లోపలి అంచునే అరిగాయి అన్నారు కాబట్టి మీకు లోపలికి నిమిరినప్పుడు పళ్లు తగులుతాయనే అనుకుంటున్నాను. అంటే నడుస్తున్నప్పుడు టో అవుట్.

నడుస్తున్నప్పుడు అన్న మాట గుర్తుపెట్టుకోండి. మూడు ప్రింట్లలో ఆకుపచ్చ రావడానికీ, టైరు అరగడానికీ మధ్య ఉన్న ముడి అదే. మెషిన్ కొలిచేది నిలబడి ఉన్న బండిని. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి అడుగు భాగానికి కలిపే కింది చెయ్యి) వెనకవైపు ఉండే పెద్ద రబ్బరు బుష్ చీలిపోయిందనుకోండి. బండి నిలబడి ఉంటే ఆర్మ్ తన చోటులోనే కూర్చుంటుంది, అంకె సరిగ్గానే వస్తుంది. బ్రేకు కొట్టగానే చక్రం వెనక్కి జరుగుతుంది, యాక్సిలరేటర్ తొక్కగానే ముందుకు వస్తుంది, రెండు సార్లూ టో మారుతుంది. ఊళ్లో స్పీడు బ్రేకరుకో బ్రేకు, గుంతకో బ్రేకు. ప్రింటు మాత్రం పచ్చగానే ఉంటుంది. రోగం ఒకచోట, మందు ఇంకోచోట.

అందుకని మళ్లీ అలైన్‌మెంట్‌కు డబ్బు పెట్టే ముందు కింది భాగం చూపించండి. ముందు చక్రం ఎత్తి, టైరును గడియారంలో 9, 3 దగ్గర రెండు చేతులతో పట్టి ఊపండి. టక్‌టక్ మంటే టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) ఎండ్, లేదా రాక్ (ఆ కడ్డీలను నెట్టే స్టీరింగ్ పళ్ల కడ్డీ) లోపలి జాయింటు. 12, 6 దగ్గర పట్టి ఊపితే ఆడేది బాల్ జాయింటో, హబ్ బేరింగో. అది ఏదో తెలియాలంటే ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమనండి. తొక్కినప్పుడు ఆట పోతే బేరింగ్, తొక్కినా ఉంటే బాల్ జాయింట్. బుష్‌ను చేత్తో ఊపి తెలుసుకోలేరు, గడ్డపార లాంటి పొడుగు లీవరు ఆర్మ్‌కూ సబ్‌ఫ్రేమ్‌కూ మధ్య పెట్టి మెల్లగా ఎత్తాలి. రబ్బరు ఇనుము నుంచి విడిపోయి చీలిక తెరుచుకుంటే మార్చాల్సిందే. స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన నిలువు కాలు) పై మౌంటును బానెట్ ఎత్తి చూడండి. ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే మౌంటు మీద వేలు పెట్టండి. గడగడ కొట్టుకుంటూ, స్ప్రింగు మెలికపడి విదిలించినట్టు తిరిగితే బేరింగ్ పోయింది. వీటిలో ఒక్కటి పాడైనా అలైన్‌మెంట్ చేయించడం వృథా. అది చెప్పకుండా బండిని మెషిన్ ఎక్కించే షాపుకు మళ్లీ వెళ్లకండి.

ఎడమకు లాగడం వేరే సంగతి, రెండింటినీ కలపొద్దు. మన దగ్గర బండ్లు ఎడమ పక్కన నడుస్తాయి, నీళ్లు పోవడానికి రోడ్డు ఎడమకు వాలుగా ఉంటుంది. స్టీరింగ్ వదిలితే కొంచెం ఎడమకు జారడం ప్రతి బండికీ సహజం. 44వ నంబరు జాతీయ రహదారి మీద గుత్తి వైపు పోతూ ఖాళీగా ఉన్నచోట ఒకసారి, వాలు లేని చదునైన పెద్ద ఖాళీ స్థలంలో ఒకసారి చూడండి. రెండుచోట్లా ఒకేలా గట్టిగా లాగితే లోపం బండిదే. అప్పుడు గాలి చూసుకుని ముందు రెండు టైర్లనూ ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చండి (బాణం గుర్తు ఉన్న ఒకే దిశ టైర్లయితే ఇది కుదరదు). లాగుడు కుడికి మారితే తప్పు టైరు లోపలి అల్లికది, ఏ అలైన్‌మెంటూ దాన్ని బాగుచెయ్యదు. మారకపోతే పది కిలోమీటర్లు నడిపి, బ్రేకు తక్కువ వాడి, ఆపి, రిమ్ముల దగ్గర చెయ్యి పెట్టండి. ఎడమది బాగా వేడిగా ఉంటే ఆ పక్క బ్రేకు క్యాలిపర్ పట్టేసుకుంటోంది. అదీ కాకపోతే అప్పుడు క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం), క్యాంబర్ తేడా చూడాలి. క్యాస్టర్ తక్కువున్న వైపుకు బండి లాగుతుంది, క్యాంబర్ ఎక్కువ పాజిటివ్‌గా ఉన్న వైపుకూ లాగుతుంది. ఎడమ, కుడి మధ్య అర డిగ్రీకి మించి తేడా ఉంటే ఏదో వంగిందని అర్థం. టో మాత్రం లాగుడుకు కారణం కాదు. ముందు టో ఎంత తప్పినా రెండు చక్రాలూ నడకలో సమానంగా పంచుకుంటాయి, టైరు అరుగుతుంది, స్టీరింగ్ వంకర కూర్చుంటుంది, అంతే.

మెషిన్ మీద ఎక్కించే రోజు చేయాల్సినవి. ఎండ ఎక్కకముందే గాలి కొట్టించి వెళ్లండి. డోరు స్తంభం మీద అంటించిన అంకె చల్లటి టైరుకు చెప్పినది, ప్రతి 5.5 డిగ్రీల వేడికి సుమారు 1 పీఎస్ఐ పెరుగుతుంది. మే నెలలో కర్నూలు ఎండలో నడిచొచ్చిన బండికి గాలి "సరిచేస్తే" మర్నాడు ఉదయానికి తక్కువైపోతుంది. డిక్కీలో రోజూ మోసే బరువు ఉంటే తీసెయ్యొద్దు. బండిని జాక్ మీంచి దింపిన వెంటనే కొలవనివ్వకండి. దింపినప్పుడు టైర్లు నేలను పట్టుకుని పక్కకు విచ్చుకోలేక బండి ఎత్తుగా కూర్చుంటుంది. ఐదారు మీటర్లు ముందుకూ వెనక్కూ తోసి, ముందు, వెనక బంపర్ల దగ్గర మూడు నాలుగుసార్లు కిందికి నొక్కి వదలాలి.

చక్రాల కింద తిరిగే పళ్లేలను మీ కంటితో చూడండి. దుమ్ము, గ్రీజు పట్టి కదలని పళ్లేలు చాలాచోట్ల కనిపిస్తాయి. అవి కదలకపోతే సస్పెన్షన్‌లో పట్టుకున్న బిగువు విడవదు, చూపించే అంకె అబద్ధం. చేత్తో తోస్తే అవి జారాలి, పిన్నులు తీసి ఉండాలి. రిమ్ము వంకరను మెషిన్ లెక్కలోంచి తీసేసే చక్రం తిప్పే పనిని తొందరలో దాటేస్తుంటారు, అడిగి చేయించండి. మోడల్, సంవత్సరం సరిగ్గా ఎంచారా చూడండి. స్విఫ్ట్ మూడు నాలుగు తరాలుగా వచ్చింది. వేరే తరం ఎంచితే ఆ పచ్చరంగుకు విలువే లేదు.

మీ స్విఫ్ట్‌లో ముందు టో తప్ప ఇంకేదీ సర్దడానికి కంపెనీ మరలు ఇవ్వలేదు. వెనకది ఒకే ఇరుసు, దాని టో, క్యాంబర్ కూడా సర్దలేం. అయినా నాలుగు చక్రాలనూ కొలిపించండి. వెనక ఇరుసు కాస్త పక్కకు తిరిగి ఉంటే బండి ఎండ్రకాయలా ఒక పక్కకు ఒరిగి నడుస్తుంది, వెనక చక్రాలు చూసే ఆ దిక్కునే థ్రస్ట్ లైన్ అంటారు. ముందు టోను ఆ గీతకు సరిపోయేలా సర్దాలి, బండి నడిమి గీతకు కాదు. లేదంటే టో సరిగ్గా ఉన్నా స్టీరింగ్ వంకరగా కూర్చుంటుంది.

సర్దేటప్పుడు స్టీరింగ్‌ను తిన్నగా పట్టే క్లాంపు పెట్టి, ఎడమ, కుడి టై రాడ్‌లను విడివిడిగా తిప్పాలి. ఎంత తిప్పితే ఎంత మారుతుందో ఒక అంచనా ఉంటే మోసపోరు. టై రాడ్ మర 1.5 మిల్లీమీటర్ల పిచ్, స్టీరింగ్ ఆర్మ్ పొడుగు 115 మిల్లీమీటర్లు అనుకుంటే ఒక పూర్తి చుట్టు తిప్పితే ముప్పావు డిగ్రీ, అంటే 15 అంగుళాల రిమ్ము దగ్గర 5 మిల్లీమీటర్లు. పావు చుట్టుకే 1.2 మిల్లీమీటర్లు. కాబట్టి చివర్లో లాక్‌నట్ బిగించేటప్పుడు రాడ్ కొంచెం తిరిగినా చేసిన పని పోతుంది. రాడ్‌ను ఒక స్పానరుతో పట్టి ఇంకో స్పానరుతో నట్ బిగించాలి, బిగించాక తెర మీద అంకె మళ్లీ చూడాలి. రాక్ మీది రబ్బరు బూటు రాడ్‌తో పాటు మెలిపడకుండా దాని క్లిప్పు ముందే వదులు చెయ్యాలి. మెలిపడిన బూటు చీలి, దుమ్ము లోపలికి పోతే ఆ తర్వాత పోయేది రాక్.

అంకె ఏది పెట్టాలి? మీ మాన్యువల్‌లో ఉన్న హద్దులే ప్రమాణం. హద్దు లోపలే ఉందని వదిలెయ్యకుండా మధ్య అంకెకు తెప్పించుకోండి. ముందు చక్రాలు లాగే బండ్లలో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు చక్రాలు ముందుకు లాగి కొంచెం టో ఇన్‌కు వస్తాయి, అందుకే చాలావాటికి నిలబడినప్పుడు సున్నాకు దగ్గరగా పెడతారు. వెనక చక్రాలు తోసే బండ్లలో ముందు చక్రాలు వెనక్కి తోయబడి టో అవుట్‌కు పోతాయి, వాటికి ముందే కాస్త టో ఇన్ ఇస్తారు. మీరు తరచూ ఐదుగురితో, నిండు డిక్కీతో బెంగళూరు వెళ్లొస్తుంటే ఆ బరువుతోనే ఒకసారి కొలిపించండి, ఖాళీ బండికీ దానికీ తేడా ఎంతో తెలుస్తుంది.

క్యాంబర్ తప్పి ఉందని షాపులో అంటే ఒక హెచ్చరిక. హైడ్రాలిక్ జాకీతో స్ట్రట్‌ను లాగి వంచి "క్యాంబర్ తీసే" పద్ధతి మన ఊళ్లలో బాగా ఉంది. అంకె పచ్చగా వస్తుంది. లోపల వంగింది స్ట్రట్ రాడ్డో, నకిలో (హబ్‌ను మోసే ఇనుప ముక్క) ఎవరికీ తెలీదు. వంగిన రాడ్డు సీలును ఒక పక్కే రాపాడించి కొన్ని నెలలకు ఆయిలు కారుస్తుంది. క్యాంబర్ తప్పిందంటే ఏదో వంగిందని అర్థం, వంగినదాన్ని వెతికి మార్చాలి. ముందుగా, స్ట్రట్‌నూ నకిల్‌నూ కలిపే రెండు బోల్టుల రంధ్రాల్లో సహజంగానే కొంచెం ఖాళీ ఉంటుంది. వదులు చేసి, చక్రాన్ని కావలసిన వైపుకు తోసిపట్టి, మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగిస్తే చిన్న తేడా అక్కడే సర్దుకుంటుంది. అది చాలకపోతే నడుము సన్నగా ఉన్న క్యాంబర్ బోల్టులు దొరుకుతాయి, అవి మేలు. ఇన్నోవా లాంటి బండ్లలో లోయర్ ఆర్మ్ దగ్గర ముందూ వెనకా క్యామ్ బోల్టులుంటాయి, క్యాంబర్, క్యాస్టర్ రెండూ వాటితోనే సర్దొచ్చు, వంచాల్సిన పనే లేదు. ఆ బోల్టులు తుప్పుపట్టి స్లీవులో ఇరుక్కుపోతాయి కాబట్టి ఒకరోజు ముందే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి.

ఇక ట్రాక్ బండి. మీ తమ్ముడి బృందానికి నేను మొట్టమొదట చెప్పేది పనుల వరుస గురించి. ఎత్తు, తర్వాత నాలుగు మూలల బరువు, తర్వాత క్యాస్టర్, క్యాంబర్, చివరికి టో. ఈ వరుస తప్పితే చేసిన పనే మళ్లీ చేస్తుంటారు. స్ట్రట్ బోల్టు దగ్గర క్యాంబర్ ఒక డిగ్రీ మార్చారంటే టో అర డిగ్రీకి పైగా కదలొచ్చు, ఎత్తు మారిస్తే రెండూ కదులుతాయి.

దీనికంతటికీ ముందు సమతలం కావాలి. లక్షలు పోసి ప్లాట్‌ఫారం కొనక్కర్లేదు, మన సీమలో అందుకు కావలసిన రాయి కాళ్ల కిందే ఉంది. కడప బండ గానీ, తాడిపత్రి, బేతంచెర్ల బండ గానీ రెండడుగుల పలకలు నాలుగు తీసుకోండి. నాలుగు చక్రాలు వచ్చేచోట పరచండి. తాపీ మేస్త్రీలు వాడే పారదర్శకమైన నీళ్ల గొట్టంతో నాలుగు పలకల ఎత్తూ ఒకటే చెయ్యండి, కింద సన్నటి రేకులు పేర్చి సర్దండి. రసమట్టం ఒక్కో పలక వాలు చూడటానికే, దూరపు పలకలను పోల్చడానికి నీళ్ల గొట్టమే నమ్మకం. ట్రాక్ వెడల్పు 1.5 మీటర్లు అనుకుంటే ఎడమ కుడి పలకల మధ్య 3 మిల్లీమీటర్లు తేడా ఉన్నా క్యాంబర్ 0.11 డిగ్రీ తప్పు చూపిస్తుంది. 1 మిల్లీమీటరు లోపలికి తేగలిగితే చాలు. పలకల చోటు నేల మీద రంగుతో గుర్తు పెట్టుకోండి. ముందు చక్రాల కింద రెండు నున్నటి టైల్సు, మధ్యలో గ్రీజు పెడితే తిరిగే పళ్లేల పని చేస్తాయి. టైల్సు మందం ముందూ వెనకా ఒకటే ఉండాలి, కాబట్టి వెనక చక్రాల కింద కూడా అవే పెట్టండి.

డ్రైవరు సీట్లో కూర్చోవాలి, లేదా అంత బరువున్న ఇసుక బస్తా పెట్టాలి. ట్యాంకులో రేసు మధ్యలో ఉండేంత పెట్రోలు, టైర్లలో వేడెక్కినప్పటి గాలి. ముందూ వెనకా యాంటీ రోల్ బార్ (ఒరుగుడును తగ్గించే కడ్డీ) లింకులు ఒక పక్క విప్పెయ్యండి, లేకపోతే బార్ మెలిక బరువు లెక్కను చెడగొడుతుంది. అప్పుడు నాలుగు తూకాల మీద బండిని పెట్టండి. ఉదాహరణకు ఎడమ ముందు 238 కిలోలు, కుడి ముందు 226, ఎడమ వెనక 144, కుడి వెనక 152 వచ్చాయనుకోండి. మొత్తం 760. కుడి ముందు, ఎడమ వెనక కలిపితే 370, అంటే 48.7 శాతం. ఇది 50 దగ్గర ఉండాలి. లేకుంటే బండి ఎడమ వంపులో ఒకలా, కుడి వంపులో ఇంకోలా ప్రవర్తిస్తుంది, బ్రేకు కొడితే ముందు ఒక చక్రమే లాక్ అవుతుంది. కుడి ముందు స్ప్రింగు కూర్చునే పళ్లేన్ని కొంచెం ఎత్తితే ఆ మూలకూ, దాని ఎదురు మూల ఎడమ వెనకకూ బరువు పెరుగుతుంది. ఒక మూలలో ఎక్కువ తిప్పకుండా నాలుగింటికీ పంచండి, లేకపోతే ఎత్తు వంకర పోతుంది. పళ్లెం తిరిగే స్ట్రట్ లేని మామూలు సస్పెన్షన్ బండికి ఈ పని కుదరదు, వదిలేసి క్యాంబర్‌కు వెళ్లండి.

టో కొలవడానికి మేస్త్రీల నైలాను దారం చాలు. ముందు బంపరు ముందర ఒక పైపు, వెనక బంపరు వెనకాల ఒక పైపు అడ్డంగా కట్టండి. రెండింటి మీదా ఒకే దూరంలో రెండేసి గాట్లు పెట్టి వాటికి రెండు దారాలు చక్రాల నడిమి ఎత్తులో బిగించండి, దారాలు ఒకదానికొకటి సమాంతరంగా ఉంటాయి. ఇప్పుడు పైపులను జరుపుతూ, ఎడమ ముందు హబ్ నడుమ నుంచి దారానికి ఉన్న దూరమూ కుడి ముందు దూరమూ సమానం చెయ్యండి, వెనక కూడా అంతే. ముందు ట్రాకూ వెనక ట్రాకూ ఒకటి కావు కాబట్టి ముందు దూరమూ వెనక దూరమూ సమానంగా రావు, దాని గురించి కంగారు పడొద్దు. తర్వాత స్టీలు స్కేలుతో ప్రతి రిమ్ము ముందు అంచు నుంచి దారానికి, వెనక అంచు నుంచి దారానికి కొలవండి. ముందు అంచు దూరం ఎక్కువుంటే టో ఇన్, తక్కువుంటే టో అవుట్. చక్రాన్ని సగం చుట్టు తిప్పి మళ్లీ కొలిచి సగటు తీసుకుంటే రిమ్ము వంకర లెక్కలోంచి పోతుంది. స్కేలును దారానికి తాకించొద్దు, దారం అర మిల్లీమీటరు కదిలినా మోసం చేస్తుంది. క్యాంబర్‌కు తూకం గుండు వేలాడదీసి రిమ్ము పై అంచుకూ కింది అంచుకూ దూరం తేడా చూడండి, 15 అంగుళాల రిమ్ము మీద 6.6 మిల్లీమీటర్ల తేడా ఒక డిగ్రీ. క్యాస్టర్‌కు చక్రం బయటికి 20 డిగ్రీలు, లోపలికి 20 డిగ్రీలు తిప్పినప్పటి క్యాంబర్ల తేడాను ఒకటిన్నరతో గుణించండి, దాదాపు సరిపోతుంది.

మొదట మైనస్ 2 క్యాంబర్‌తో, ముందు మొత్తం 1 మిల్లీమీటరు టో అవుట్‌తో, వెనక ఉన్నదున్నట్టుగా ట్రాక్ మీదికి వెళ్లండి. ఐదారు ల్యాపులు గట్టిగా తిప్పి, చల్లార్చే ల్యాపు లేకుండా నేరుగా పిట్‌లోకి రావాలి. టైరులోకి గుచ్చే సూది ఉన్న థర్మామీటరుతో లోపలి అంచు, మధ్య, బయటి అంచు వేడి చూసి రాసుకోవాలి. తుపాకీలా చూపించే ఇన్‌ఫ్రారెడ్‌ది పైపొర వేడే చెబుతుంది, అది క్షణాల్లో చల్లారిపోతుంది. లోపలి అంచు బయటి అంచు కంటే 5 నుంచి 10 డిగ్రీలు ఎక్కువుంటే బాగుంది. 92, 75, 68 లాంటి అంకెలు వస్తే క్యాంబర్ ఎక్కువైంది, అర డిగ్రీ తగ్గించండి. బయటి అంచే వేడిగా ఉంటే అర డిగ్రీ పెంచండి. మధ్య భాగం రెండు అంచుల కంటే వేడిగా ఉంటే గాలి ఎక్కువ, చల్లగా ఉంటే తక్కువ. ఒకసారికి ఒక్కటే మార్చాలి. క్యాంబర్, గాలి కలిపి మారిస్తే ఏది పని చేసిందో తెలీదు. మీ టైరు, మీ స్ప్రింగులకు ఆ కొలతలు మైనస్ 3 అడిగితే అప్పుడు పెట్టుకోండి. మెత్తటి రోడ్డు స్ప్రింగులున్న బండి బాగా ఒరుగుతుంది, స్ట్రట్ సస్పెన్షన్‌లో ఒరిగినప్పుడు బయటి చక్రం క్యాంబర్ పోగొట్టుకుంటుంది, అందుకే దానికి గట్టి స్ప్రింగుల బండి కంటే ఎక్కువ కావాలి.

ముందు టో అవుట్ వంపులోకి ముక్కు చురుగ్గా తిప్పుతుంది, అందుకే రేసులో పెడతారు. అదే సెట్టింగ్‌తో హైవే ఎక్కితే బండి లారీల గాడి పట్టుకుని అటూ ఇటూ వెతుకుతుంది, రెండు చేతులతో పట్టుకోవాల్సి వస్తుంది. వెనక చక్రాలకు టో అవుట్ ఇచ్చి తోక తిప్పించే పద్ధతి కొన్ని ముందు చక్రాల డ్రైవ్ రేసు బండ్లలో ఉంది. దాన్ని మీ తమ్ముడి బృందం కొత్తగా నేర్చుకుంటున్నప్పుడు ముట్టుకోవద్దు. తడి ట్రాక్‌లో బ్రేకు కొట్టినప్పుడు ఆ బండి తోక చెప్పకుండా వచ్చేస్తుంది.

ట్రాక్ బండినే కోయంబత్తూరు దాకా నడుపుకుంటూ తీసుకెళ్లి, అక్కడ తిప్పి, నడుపుకుంటూ తెచ్చుకోవాలని ఉందంటే ఒక మధ్యే మార్గం ఉంది. క్యాంబర్ మైనస్ 1.5 దగ్గర ఆపండి, దాన్ని రోడ్డు మీదా అలాగే ఉంచుకోవచ్చు, టైరు మరీ తినదు. టోను రోడ్డుకు సున్నా దగ్గర పెట్టి, టై రాడ్‌ల మీద తెల్ల రంగుతో గీత గీసుకోండి. ట్రాక్ దగ్గర రెండు రాడ్‌లనూ ఒకే కొలతలో తిప్పండి, ఎన్ని పావు చుట్లో రాసుకుని, తిరుగు ప్రయాణానికి ముందు అంతే వెనక్కి తిప్పి, గీతలు కలిశాయా చూసి లాక్‌నట్లు బిగించండి. ఇంటికొచ్చాక దారం కట్టి ఒకసారి సరిచూసుకోండి.

మీ బండికైతే బుష్‌లు మార్చిన రోజే అలైన్‌మెంట్ చేయించండి, కొత్త టైర్లు ఆ తర్వాతే వెయ్యండి. ఆర్మ్ బోల్టులు బండి చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడు బిగించమనండి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే కొత్త రబ్బరు మెలిపడి కూర్చుని త్వరగా చీలుతుంది. 500 కిలోమీటర్లు తిరిగాక అరచేతితో మళ్లీ నిమిరి చూడండి. లోపలికి నిమిరినప్పుడు పళ్లు తగిలితే, పాత ప్రింటు, కొత్త ప్రింటు రెండూ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.